అరువది చింతగింజలు



గడచిన భాద్రపదమాసములో ఒక సాయంకాలము మా మేనకోడలు మా యింటికి వచ్చినది. హైదరాబాదులో ఒక ఉద్యోగమును విడిచి మరియొక ఉద్యోగములో చేరుటకు నడుమ ఆమెకు సరిగా అరువది దినముల తీరిక చిక్కినది. అటువంటి తీరిక మరల ఎప్పుడు చిక్కునో ఎవరును చెప్పజాలరు గనుక, వీపున తగిలించుకొను సంచి యొక్కటే సామానుగా, బస్సులలోను రైళ్లలోను పడవలలోను తిరుగుచు వియత్నాం, కంబోడియా దేశములను రెండింటిని చూచి రావలెనని నిశ్చయించుకొన్నది. నిశ్చయము సులభముగానే జరిగినది గాని, పంపకము దగ్గర ఆగిపోయినది. “మామయ్యా, రెండు దేశాలూ చూడాలని ఉంది. దేనికి ఎన్ని రోజులు ఇవ్వాలో మాత్రం తేలడం లేదు. మీరు వెళ్ళివచ్చారు కదా, చెప్పండి,” అన్నది.

నేను వెంటనే చెప్పలేదు. వంటింటిలోనికి పోయి, మా యింటావిడ వామనగుంటలకని దాచియుంచిన చింతగింజల డబ్బా తెచ్చి, అరువది గింజలు లెక్కపెట్టి ఆమె దోసిట పోసినాను. చాపమీద దేశపటము పరచి, “ఒక్కొక్క గింజా ఒక్కొక్క రోజు అనుకో తల్లీ. నీకు తోచినట్టు పేర్చు, చూద్దాం,” అన్నాను. కాగితముమీద అంకె వ్రాయుట తేలిక. కొట్టివేయుట అంతకంటె తేలిక. గింజను చేత పట్టుకొని ఒకచోట నుంచి తీసి మరియొకచోట పెట్టునప్పుడు, ఇచ్చునది ఎచ్చటనో, కోసివేయునది ఎచ్చటనో కంటికి కనబడును.

ఆమె పేర్చినది చూచితిని. వియత్నాంమీద ఏబదియొక్క గింజలు, కంబోడియామీద తొమ్మిది. హనోయి, హా లాంగ్ అఖాతము, సాపా కొండలు, హ్వే, హోయ్ ఆన్, దా లాత్, సైగాను, ఇట్లు వియత్నాంలో ఆమె విన్న పేర్లు పదునేడు గలవు. కంబోడియాలో రెండే పేర్లు: అంగ్‌కోర్, ప్నోం పెన్. పేరుకు మూడేసి దినములు చొప్పున వేసికొని, మిగిలినవాటిని సర్దినది. ఎక్కువమంది ఇట్లే చేయుదురు. పేర్లను లెక్కించి దినములను పంచుట, బంధువుల యింట మనుష్యులను లెక్కింపక తలుపులను లెక్కించి విస్తళ్లు వేయుటవంటిది.

వైశాల్యమును బట్టి పంచిన నేమి? వియత్నాం 3,31,000 చదరపు కిలోమీటర్లకు మించిన దేశము. కంబోడియా 1,81,000 చదరపు కిలోమీటర్లు. ఆ లెక్కను ముప్పది తొమ్మిది, ఇరువది యొకటి వచ్చును. ఇద్దరన్నదమ్ములు ఆస్తి పంచుకొన్నట్లు ముప్పది, ముప్పది అందామా అనియు ఆమె అడిగినది. ఆ పంపకములో న్యాయమున్నట్లు తోచును గాని, న్యాయము జరుగవలసినది దేశములకు కాదు. అవి మన దినములకై ఎదురుచూచుచుండవు. చూచు కంటికిని, మోయు మనస్సునకును న్యాయము జరుగవలెను.

పటమును కొంచెము సేపు గింజలు లేకుండ చూడుమని చెప్పినాను. వియత్నాం ప్రజలు తమ దేశమును కావడితో పోల్చుకొందురు. ఉత్తరమున ఎఱ్ఱనది డెల్టా ఒక బియ్యపు గంప. దక్షిణమున మెకాంగ్ డెల్టా మరియొక బియ్యపు గంప. నడుమ నున్న సన్నని నేల కావడి బద్ద. ఆ బద్ద ఒకచోట ఏబది కిలోమీటర్ల వెడల్పునకు సన్నగిల్లును: ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క కొండలు. హనోయి నుంచి సైగాను వరకు రైలుమార్గము పొడవు 1,726 కిలోమీటర్లు. 1936లో పూర్తియైన ఆ మార్గమున నేటికిని ముప్పది గంటలకు పైగా పట్టును. అది దారివంటి దేశము. దానిని చూచుట యనగా దానివెంట నడచుట. అచ్చట దినములు ప్రయాణములోనే కరగిపోవును. కరగిపోయినను నష్టము లేదు, ఏలయన ఆ దారియే చూడదగిన వస్తువు. దా నాంగ్ దాటి హ్వే వైపు పోవు రైలులో కుడిప్రక్క కిటికీ దగ్గర కూర్చున్నవారికి హాయ్ వాన్ కొండ అంచున సముద్రము ఎంత దగ్గరగా కనబడునో, ఆ రెండున్నర గంటలను ప్రయాణపు ఖర్చులో వ్రాయుట ఎంత అన్యాయమో అనుభవించినవారికి తెలియును.

కంబోడియా అట్టిది కాదు. అది పళ్లెమువంటి దేశము. నడుమ తోన్లే సాప్ అను మహాసరస్సు. వానకాలములో మెకాంగ్ నది పొంగి, తనలోనికి రావలసిన ఉపనది నీటిని వెనుకకు నెట్టి సరస్సును కొన్ని రెట్లు పెంచును. వానలు వెనుకపట్టిన పిమ్మట ఆ నీరు మరల నదికి తిరిగి వచ్చును. ఒకే నది సంవత్సరమునకు రెండు దిక్కుల ప్రవహించు ఆ దేశములో తొందర పనికిరాదు. అచ్చట దారులు తక్కువ, నిలువవలసిన తావులు ఎక్కువ. కావున వియత్నాంకు ఇచ్చు దినములు నడకకు ఇచ్చునవి. కంబోడియాకు ఇచ్చునవి నిలుకడకు ఇచ్చునవి. ఈ రెండింటిని ఒకే కొలపాత్రతో కొలువరాదని ఆమెతో చెప్పితిని.

ఇది నేను పుస్తకము చదివి నేర్చుకొన్నది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట నేను నలుబది యైదు దినముల ప్రయాణము చేసి, నలుబది వియత్నాంకును, చివరి ఐదు కంబోడియాకును ఇచ్చితిని. అంగ్‌కోర్ వాట్ చేరునప్పటికి నా చెప్పులవలెనే నా కన్నులును అరిగిపోయియున్నవి. పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున రెండవ సూర్యవర్మ విష్ణువునకై కట్టించిన ఆ ఆలయమున, తూర్పు మండపపు దక్షిణభాగములో క్షీరసాగరమథనము చెక్కబడియున్నది. గోడ పొడవు దాదాపు 49 మీటర్లు. ఎడమ ప్రక్క తొంబది యిద్దరు అసురులు, కుడి ప్రక్క ఎనుబది యెనిమిదిమంది దేవతలు, వాసుకి శరీరమును పట్టుకొని లాగుచున్నారు. నడుమ కూర్మముమీది కవ్వపుకొండ ముందర విష్ణువు నిలిచియున్నాడు. పైన అప్సరసలు నురుగులో నుంచి ఎగసి వచ్చుచున్నారు. అడుగున సముద్రము: కవ్వమునకు దూరముగా నున్న చేపలును మొసళ్లును తీరుగా ఈదుచున్నవి, కవ్వమును సమీపించినకొలది సుడికి చిక్కి ఛిన్నాభిన్నములై రెండు తునకలుగా, మూడు తునకలుగా తెగిపోయియున్నవి. మన బడిపిల్లవానికిని తెలిసిన కథ. ఐనను ఆ తెగిన చేపను నేను ఏ కథలోను విని యుండలేదు. అమృతముకొరకు ఇరుపక్షములు లాగుచున్నప్పుడు అడుగున నున్న మూగజీవి గతి యేమైనదో ఆలోచించిన శిల్పి ఒకడు దాదాపు తొమ్మిదివందల యేండ్ల క్రిందట ఆ గోడ దగ్గర కూర్చుండియుండెను.

ఆ గోడ దగ్గర నేను ఉన్నది ఇరువది నిమిషములు. బయట వ్యాను ఎదురుచూచుచున్నది. ఆ సాయంకాలమునకు మరి రెండు ఆలయములు ముగించవలెను. ఆ తెగిన చేప దగ్గర నేను వంగి చూచుచుండగా నన్ను పిలిచిరి. లేచి పోయితిని. అటుపిమ్మట బయోన్ ఆలయపు గోపురముల మీది మహాముఖములను చూచినప్పుడు నా మనస్సున ఏ కదలికయు కలుగలేదు. ముఖములు అనేకములు గలవు అనుకొంటిని, అంతే. ఆ బాధ ఇప్పటికిని నాకు పోలేదు. ఆలయము దొడ్డది, నా వద్ద మిగిలిన మనస్సు చిన్నది.

అందుచేత మొదట మార్చవలసినది సంఖ్య కాదు, వరుస. నిలుకడ కోరు దేశమును ముందు పెట్టవలెను. దారివంటి దేశమును వెనుక పెట్టవలెను. అలసిన మనుష్యుడు రైలు కిటికీలో నుంచి చూడగలడు, శిల్పము ముందర నిలువలేడు.

ఈ వరుసకు ఋతువులు కూడ తోడు వచ్చినవి. ఆమె మొదట ఆశ్వయుజములో, అనగా అక్టోబరులో బయలుదేరవలెనని తలచినది. ఉత్తర వియత్నాం కొండలకు అది శ్రేష్ఠమైన కాలమే. కాని నెల్లూరు సీమలో కార్తికమాసము గడపిన శ్రోతలకు ఈశాన్య ఋతుపవనములు ఎట్టివో నేను చెప్పనక్కరలేదు. ఆ గాలులే దక్షిణ చైనా సముద్రము మీదుగా వచ్చి త్రువోంగ్ సోన్ పర్వతములను తాకి, హ్వే, హోయ్ ఆన్ పట్టణములమీద అక్టోబరు, నవంబరు మాసములలో కుండపోతగా కురియును. హోయ్ ఆన్ వీథులలో పడవలు తిరుగుట ఆ మాసములలో వింత కాదు. హనోయిలో ఎండ కాయుచుండగా హ్వేలో వరద వచ్చుటయు, సైగానులో ఉక్కపోయుచుండగా హనోయిలో చలికోట్లు తొడుగుకొనుటయు ఆ కావడి దేశమునకు సహజము. కంబోడియాకు ఇన్ని భేదములు లేవు: మే నుంచి అక్టోబరు వరకు వాన, నవంబరు నుంచి ఏప్రిలు వరకు పొడి. అందులోను ఏప్రిలు మాసపు ఎండ మన వైశాఖపు ఎండకు తీసిపోదు.

కాబట్టి మాఘమాసము వరకు ఆగుమని చెప్పితిని. క్రొత్త ఉద్యోగమువారు గడువు పొడిగించిరి. అది ఆమె అదృష్టము. ఫిబ్రవరిలో కంబోడియా, ఎండలు ముదరక మునుపే. మార్చి మొదట మెకాంగ్ డెల్టా, సైగాను. మార్చి నడుమ నుంచి వానలు వెలిసి నేల ఆరిన హోయ్ ఆన్, హ్వే. ఏప్రిలు నాటికి తుంపరయు పొగమంచును విడిపోయిన ఉత్తరపు కొండలు. సూర్యుడు ఉత్తరాయణమున నడచుచుండగా ఆయనకంటె ఒక అడుగు ముందుగా ఆమెయును ఉత్తరమునకే నడచుచుండవలెను. తేత్ అను వియత్నాం సంవత్సరాది జనవరి చివర గాని ఫిబ్రవరిలో గాని వచ్చును. ఆ దినములలో దేశమంతయు స్వగ్రామములకు తరలును, రైళ్లలో చోటు దొరకదు, అంగళ్లు మూసియుండును. ఈ వరుసను పోవువారికి ఆ చిక్కును తప్పును.

వీసాల మాట త్వరగా చెప్పి ముగించెదను. కంబోడియా మనకు ముప్పది దినముల వీసా నిచ్చును. వియత్నాం ఎలక్ట్రానిక్ వీసా 2023 ఆగస్టు నుంచి తొంబది దినముల వరకు లభించుచున్నది. ఒక్క ప్రవేశమునకు తీసికొన్నచో, ఒకసారి వియత్నాం దాటి కంబోడియాలో అడుగిడినవారు తిరిగి రాజాలరు. కనుక అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుదమను ఊహ యుండరాదు. ఏ సరిహద్దు ద్వారమున ప్రవేశింతుమో ఆ పేరు దరఖాస్తులోనే వ్రాయవలెను. ఆ ద్వారము అనుమతించినవాటి జాబితాలో నున్నదో లేదో ముందే చూచుకొనవలెను. ప్నోం పెన్ నుంచి సైగానుకు బస్సు దారి గలదు, దగ్గర. కాని మెకాంగ్ మీద పడవలో చౌ దోక్ పట్టణమునకు దిగు దారిని నేను ఆమెకు చెప్పితిని. ఒక నది ఒక దేశములో నుంచి మరియొక దేశములోనికి ప్రవేశించుట పడవ మీద కూర్చున్నవారికి తెలిసినట్లు మరెవరికిని తెలియదు.

ఇప్పుడు గింజలు మరల పేర్చినాము. కంబోడియాకు ఇరువది. అందులో ఎనిమిది అంగ్‌కోర్‌కు. ఆమె ఆశ్చర్యపడినది. టికెట్టు వెలలు చూపితిని: ఒక్క దినమునకు 37 డాలర్లు, మూడు దినములకు 62, ఏడు దినములకు 72. మూడింటికిని ఏడింటికిని నడుమ భేదము పది డాలర్లు మాత్రమే. ఆ ఏడు దినములను నెలలోపల ఎప్పుడైనను వాడుకొనవచ్చును. అనగా ఒకనాడు చూచి, ఒకనాడు ఊరక యుండవచ్చును. ఊరక యుండిన దినము వ్యర్థము కాదు. చూచినది ఆ దినముననే లోపల ఇంకును. బాంతేయ్ స్రేయ్ ఆలయమునకు ఒక పూర్ణదినము ప్రత్యేకముగా ఉంచుమంటిని. క్రీ. శ. 967లో ప్రతిష్ఠింపబడిన ఆ చిన్న గులాబిరంగు ఆలయమును కట్టించినది రాజు కాడు, యజ్ఞవరాహుడను పండితుడు. చెక్కపనివలె రాతిని చెక్కిన ఆ ద్వారబంధములను ఉదయపు వెలుతురులో చూడవలెను. అంగ్‌కోర్ అను పేరు మన నగర శబ్దమే. కంబుజమను పేరు, సూర్యవర్మ, జయవర్మ అను రాజుల పేర్లు, పిసాక్ అని వారు పలుకు వైశాఖమాసము, ఇవి చెవిని పడినప్పుడు తెలుగువారికి, పరదేశములో దూరపు చుట్టము గొంతు విన్నట్లుండును. చుట్టరికము కలుపుకొనుటకును దినములు పట్టును.

ప్నోం పెన్‌కు రెండు గింజలు పెట్టినది. నేను నాలుగు చేసితిని. 1975 ఏప్రిలు 17న ఖ్మేర్ రూజ్ అను విప్లవసేన ఆ నగరమును పట్టుకొని, జనమునంతను పల్లెలకు వెడలగొట్టినది. తువోల్ స్లెంగ్ అనునది అంతకు మునుపు పిల్లలు చదువుకొన్న పాఠశాల. దానిని చెరసాలగా మార్చిరి. నల్లబల్లలున్న గదులలో ఇనుప మంచములు. గోడలనిండ లోపలికి తేబడినవారి ఛాయాచిత్రములు, ఒక్కొక్కరు సూటిగా మన కన్నులలోనికి చూచుచు. 1979 జనవరి 7న వియత్నాం సైన్యము వచ్చువరకు ఆ పాలన సాగినది. ఈ రెండు దేశముల చరిత్రలు అచ్చట ఒకదానిలో ఒకటి చిక్కుపడియున్నవి గనుక, వియత్నాంలో అడుగిడుటకు మునుపే ఆ గదులను చూచియుండుట మంచిది. చూచిన మరునాడు మాత్రము ఏ బస్సుకును టికెట్టు కొనవద్దని ఆమెకు గట్టిగా చెప్పితిని.

వియత్నాంకు ముప్పది నాలుగు. హా లాంగ్, సాపా పేర్లను ఆమెయే తీసివేసినది, నేను అడుగలేదు. సైగాను చరిత్ర ప్రదర్శనశాలలో 1911లో దోంగ్ జువోంగ్ వద్ద దొరకిన కంచు బుద్ధవిగ్రహము గలదు. దాని వస్త్రపు మడతలలో మన అమరావతి శైలిని గుర్తించిన పండితులు గలరు. దానిని తప్పక చూడుమంటిని. హోయ్ ఆన్ దగ్గరి మీ సోన్ లోయలో నాలుగవ శతాబ్దమున భద్రవర్మ అను చంపా రాజు భద్రేశ్వరుని ప్రతిష్ఠించెను. 1969లో అమెరికా బాంబులు అచ్చటి ఇటుక ఆలయములలో అనేకములను కూల్చినవి. మన భారత పురావస్తుశాఖవారు అచ్చట మరమ్మతులు చేయుచుండగా 2020లో ఏకశిలా శివలింగ మొకటి మట్టిలో నుంచి బయటపడినది. ఈ రెండు తావులకును గింజలు చేర్చి, ఉత్తరమున హా జాంగ్ కొండలకు ఆరు ఇచ్చితిమి. ఆ ఘాట్ రోడ్లమీద తాను బండి నడపక, దారి తెలిసిన అచ్చటి వాని వెనుక కూర్చుండి పోవలెనను షరతు మీద.

భోజనమును గూర్చి ఆమెకు బెంగ. మాంసము తినదు. వియత్నాంలో ‘చాయ్’ అను మాట నేర్చుకొమ్మంటిని. అది మన టీ కాదు, శాకాహారము. పున్నమినాడును, నెల మొదటి దినమునను అచ్చటి బౌద్ధులనేకులు శాకాహారమే భుజింతురు గనుక ఆ దినములలో వీథివీథిని ఆ పలక వ్రేలాడును. కంబోడియాలో ఇంత సులభము కాదు. ‘ప్రహోక్’ అను చేపల ఊరగాయ అనేక వంటకములలో పడును, అడిగి తినవలెను.

ఇరువదియు ముప్పది నాలుగును కలిసి ఏబది నాలుగు. ఆరు గింజలు ఆమె పిడికిట మిగిలినవి. వాటినెక్కడ పెట్టుదమని పటముమీద వంగి వెదకుచుండగా ఆమె చేయి పట్టుకొని ఆపితిని. 1830 మే మాసమున చెన్నపట్టణము నుంచి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరున తిరిగి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారికి మార్గములో ఎన్నాళ్లెచ్చట నిలువవలెనో బయలుదేరిన దినమున తెలియదు. ఏరు పొంగిన ఆగిరి, తెరపియైన కదలిరి. ఆ స్వేచ్ఛ నేటి విమానపు టికెట్టు మనకు ఈయదు. ఈ ఆరు గింజలైనను ఆ స్వేచ్ఛకు వదలుమంటిని. “ఇవి నా దగ్గరే ఉంటాయి. ఎక్కడ అవసరం పడితే అక్కడి నుంచి ఫోన్ చెయ్యి. నేను పటం మీద పెడతాను,” అన్నాను. అట్లే ఒప్పుకొన్నది.

మొదటి ఫోను తొమ్మిదవనాడు వచ్చినది. “మామయ్యా, ఒక గింజ తియ్యండి. రేపు బత్తంబాంగ్ వెళ్ళాలి కానీ, వెళ్ళను. మీరు చెప్పిన ఆ చేపను నిన్న చూశాను. ఇంకోసారి చూడాలి.” పటముమీద అంగ్‌కోర్ దగ్గర ఒక గింజ చేర్చితిని. ప్నోం పెన్ నుంచి రెండవది, మూడవది ఒకేసారి అడిగినది. ఆనాడు ఆమె గొంతు బొంగురువోయి యుండెను, ఏమి చూచినదో నేను అడుగలేదు, నది గట్టున కూర్చున్నానని మాత్రము చెప్పినది. నాలుగవది హ్వే నుంచి: పున్నమి వచ్చుచున్నదట, బసచేసిన యింటి ముసలావిడ తన చేతి శాకభోజనము తినక కదలరాదని సంచి దాచివేసినదట. ఐదవది హా జాంగ్‌లో పొగమంచు దిగి, దారి కనబడక.

చివరకు ఏప్రిలులో హనోయి నుంచి పిలిచినది. విమానమునకు ఇంక ఒక్క దినము. “మీ దగ్గర ఒకటి మిగిలింది కదూ?”

“మిగిలింది తల్లీ. హనోయి మీద పెట్టనా?”

“వద్దు. రేపు సరస్సు పక్కన ఊరికే కూర్చుంటాను, దానికి లెక్క అక్కర్లేదు. దాన్ని అంగ్‌కోర్ మీద పెట్టండి, మామయ్యా. అది మీ రోజు.”

పెట్టినాను. పటము ఇంకను మడువలేదు.